తల కింద పతకం

ఏజెంట్ ఎలోయ్ కిస్బెర్ట్ చచ్చిపోతే ఏడవడానికి ఎవరూ లేరని ఆఫీసు రికార్డుల్లో రాసుంది. ఆ ఉద్యోగానికి అదే క్వాలిఫికేషన్. పెళ్ళాం ఉండకూడదు, పిల్లలుండకూడదు, కనీసం పలకరించే పక్కింటాయన కూడా ఉండకూడదు. ఎలోయ్‌కి నిజంగానే ఎవరూ లేరు. పాపం, రూలు పాటించడానికి ఆయన కష్టపడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఎత్తైన కొండల్లో ఉన్న లా పాజ్ నగరం మొత్తంలో ఆయన రోజూ మాట్లాడే మనిషి ఒక్కడే. శాన్ ఫ్రాన్సిస్కో చర్చి ముందు బూట్లు పాలిష్ చేసేవాడు. ఆ పని చేసేవాళ్ళంతా మొహం మీదికి ఊలు ముసుగు లాక్కుంటారు, కళ్ళు మాత్రం కనపడతాయి. ఇరుగుపొరుగు గుర్తుపట్టి చులకన చేస్తారని ఆ జాగ్రత్త. ముసుగు వెనకున్న పేరు అడగడం మర్యాద కాదు, ఎలోయ్ అడగలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

"రండి సారూ. నిన్న వానలో తిరిగారా? బూట్లు ఏడుస్తున్నాయి."

"పని మీద తిరిగాను తమ్ముడూ."

"మీదేం పనో గానీ మడమలు ఒకే పక్క అరుగుతున్నాయి. గోడల వెంట నడుస్తారా ఏంటి?"

ఎలోయ్ గతుక్కుమన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో శత్రువుల ఏజెంట్లెవరూ పట్టుకోలేని సంగతి అది. ముసుగు మనిషి నవ్వి, బ్రష్షు వెనకవైపుతో పెట్టె మీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. అంటే రెండో కాలు పెట్టమని.

ఆ రోజు బ్రష్షు ఒకసారి జారి కింద పడింది.

"చెయ్యి తిమ్మిరెక్కుతోంది సారూ, రెండ్రోజుల్నించీ. చలికేమోలే."

"అలా వదిలేస్తావేంటి? ఆసుపత్రికి పో."

"తీసుకెళ్ళేవాడుండొద్దూ? నాకెవరున్నారు?"

'పద, నేను తీసుకెళ్తా' అన్న మాట ఎలోయ్‌కి నాలుక చివరిదాకా వచ్చింది. ఆసుపత్రిలో పేరడుగుతారు, చిరునామా అడుగుతారు, కవర్ పోతుంది, తానెవరో బయటపడుతుంది. మాట మింగేసి, చిల్లర ఇచ్చి లేచిపోయాడు. కేబుల్ కారెక్కాక కూడా ఆ బ్రష్షు పడిన చప్పుడు చెవిలోనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, ఊరంతా 'దోన్యా', అంటే అమ్మగారు, అని పిలిచే రెమెడియోస్ తిండి దుకాణానికి వెళ్ళాడు.

"సాల్తేన్యా ఉందా?"

"ఈ వేళప్పుడా? ఎక్కణ్ణించి ఊడిపడ్డావయ్యా?"

"కింద లోయలోంచి."

సాల్తేన్యాలు పొద్దున తినేవి. లోపల పులుసు కారే ఆ మాంసం కజ్జికాయలు మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఆ టైంలో అడిగేవాడు పరదేశన్నా అయ్యుండాలి, గూఢచారన్నా అయ్యుండాలి. కౌంటర్లో అమ్మాయి తల ఊపి వెనక వంటగది తలుపు తీసింది.

దేశ రహస్య విభాగానికి అధిపతి దోన్యా రెమెడియోస్ అక్కడ ఉల్లిపాయలు తరుగుతోంది. అరవై ఏళ్ళ ఆవిడ. కుచ్చిళ్ళ పావడా, రెండు జడలు, మేకుకి తగిలించిన గుండ్రటి టోపీ.

"కూర్చో. పక్షవాతం గురించి నీకేం తెలుసు?"

"వస్తే నన్ను చూసేవాళ్ళు లేరని తెలుసు."

"ఏడిశావులే. విను. మన ఎత్తుకి రక్తం చిక్కన. మెదడు నరంలో గడ్డ కడితే మనిషి పడిపోతాడు. ఆ గడ్డని కరిగించే మందుంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. ఎవరికి చేస్తుందో స్కాన్ చూసి ముందే చెప్పే ప్రోగ్రాం డాక్టర్ వివాంకో తయారుచేశాడు. ఈ ఊరి పాత స్కాన్లు వేలకి వేలు కంప్యూటర్‌కి చూపించి నేర్పించాడు. పేరు కాంటూటా."

"మంచిదేగా?"

"మంచికే చేశాడు. మందుకి లొంగదన్నవాణ్ణి తొందరగా ఆపరేషన్‌కి పంపొచ్చని. ఇప్పుడు డబ్బుకి గడ్డి తిని ఉత్తర దేశాల ముఠాకి అమ్మేస్తున్నాడు. వాళ్ళ వెనక బీమా వ్యాపారులున్నారు. కాంటూటా 'పనిచెయ్యదు' అంటే చాలు, ఆ మనిషికి మందూ లేదు, ఆపరేషనూ లేదు. ఇంటికి పొమ్మంటారు."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున. ముఠా మనిషి ఎదురుగా ఇద్దరు రోగుల్ని పరీక్షించాలి. ఒకడికి 'చేస్తుంది' రావాలి, ఒకడికి 'చెయ్యదు' రావాలి. రెండూ చూశాక కాపీ మొదలవుతుంది. మొదటి రోగిగా నువ్వెళ్తావు. వచ్చేది సొరైదా. పైకి స్కానర్ల కంపెనీ మేనేజర్. మనకూ పనిచేస్తుంది."

"మనకా?"

"మనకూ అన్నాను."

ఆవిడ చెయ్యి తుడుచుకుని, బల్ల మీద ఓ చిన్న పతకం పెట్టింది. ఆ దేశమంతా కొలిచే కోపకబానా మేరీమాత బొమ్మ. "లోపల జామర్ ఉంది. రెండుసార్లు నొక్కితే ఆ గదిలో మిషన్లన్నీ మూగబోతాయి. కాపీ సగంలో ఆగుతుంది, మనవాళ్ళు లోపలికొస్తారు, వివాంకో చేతిలో సరుకుతో దొరుకుతాడు. ఇంకో పని కూడా చేస్తుంది. అది నీకనవసరం."

"స్కాన్ ముందు లోహం ఏదున్నా తీయించేస్తారుగా దోన్యా? చిత్రం చెడిపోతుందని."

"ఉంగరం తీయిస్తారు, పళ్ళసెట్టు తీయిస్తారు. మాత పతకం మాత్రం తీయరు. ఇంటివాళ్ళు ఏడుస్తూ తల కింద పెడితే, చూస్తూ చూస్తూ ఏ టెక్నీషియన్ తీస్తాడు? తీశాక మనిషి పోతే ఆ పాపం ఎవడు మొయ్యాలి? ఓ మూలకి జరిపి స్కాన్ చేసేస్తారు. ఈ ఊళ్ళో అందరూ అంతే."

ఎలోయ్ పతకం చేతిలోకి తీసుకున్నాడు. "ఇంటివాళ్ళు పెట్టాలంటున్నారు."

కత్తి మళ్ళీ ఉల్లిపాయ మీదికి దిగింది.

"నేనొస్తాలే," అంది దోన్యా రెమెడియోస్. "రేపటికి నీ అక్కని."

మర్నాడు ఉదయం పళ్ళ డాక్టరు ఒకడు ఎలోయ్ ఎడమ బుగ్గలో మత్తు సూది పొడిచాడు. మూతి వంకరపోయింది. తాపీమేస్త్రీ బట్టలు, సిమెంటు అంటిన పాత బూట్లు. అద్దంలో చూసుకుంటే తనకే జాలేసింది. చర్చి ముందు ఆగకుండా వెళ్ళడం ఎన్నాళ్ళకో ఇదే మొదలు. ముసుగు మనిషి ఎదురుచూస్తాడేమో అనిపించింది, అంతలోనే ఛ, వాడికి నాలాంటివాళ్ళు వందమంది అని సర్దిచెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో దోన్యా రెమెడియోస్ చేసిన హడావిడి చూడాలి! "అయ్యో నా తమ్ముడో! పొద్దున గంజి తాగి పనికి బయల్దేరాడమ్మా! నిన్ను ఎత్తుకుని పెంచానురా నాయనా!" అంటూ గుండెలు బాదుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. చేతులకి ఉల్లిపాయ రసం పూసుకొచ్చిందని ఎలోయ్‌కి తెలుసు. తెలిసినా చెవి అటే పడేశాడు. తన కోసం ఒక మనిషి ఏడవగా వినడం ఎప్పుడో చిన్నప్పటి మాట. నాటకమైతేనేం, ఇంకాసేపు ఏడిస్తే బావుండనిపించింది.

ఆవిడ పతకం తల కింద పెట్టింది. టెక్నీషియన్ కుర్రాడు చూశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు, పతకాన్ని వేలితో మూలకి నెట్టాడు. బల్ల జరిగి స్కానర్ గుండ్రంలోకి వెళ్ళింది.

బయటికి తెచ్చి అద్దాల గది పక్క మంచం మీద వేశారు. అక్క మళ్ళీ పతకాన్ని దిండు కిందకి చేర్చి, కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి పోయింది. ఎలోయ్ కళ్ళు సగం మూసి చూస్తున్నాడు. అద్దం అవతల తెర. తెర ముందు డాక్టర్ వివాంకో. ఇస్త్రీ కోటు, చేతికి కొత్త గడియారం. పక్కన సొరైదా. ముదురాకుపచ్చ కోటు, ఎర్రటి గ్లవుజులు. ఆవిడ నడిచొస్తే వరండాలో రోగులు కూడా కాస్త లేచి కూర్చున్నారంటే అతిశయోక్తి కాదు. మొహంలో మాత్రం అలసట. రాత్రుళ్ళు ఒంటరిగా హోటల్ గదుల్లో అన్నం తినేవాళ్ళ మొహాన ఉండే అలసట అది, ఎలోయ్ బాగా ఎరుగును.

"చూడండి మేడమ్. వందకి తొంభై నాలుగు! ఇతనికి మందు పనిచేస్తుంది."

"చిత్రంలో గడ్డ నాకు కనపడటం లేదు డాక్టర్."

"తొలి గంటల్లో మనకి కనపడదు మేడమ్. కాంటూటాకి కనపడుతుంది. మనం నంబరు చూస్తే చాలు." వివాంకో నర్సు వైపు తిరిగాడు. "మందు కలిపి ఉంచమ్మా, రెండో అతని స్కాన్ అయ్యాక ఎక్కిద్దాం. ఇవాళ ఒక్క సీసానే ఉంది, జాగ్రత్త."

ఎలోయ్ నర్సు చేతుల వైపు చూశాడు. గడ్డ లేని మనిషికి ఆ మందెక్కిస్తే లోపల ఎక్కడో నరం చిట్లి పోవచ్చు. అసలు తనకి గడ్డే లేదు. లేని గడ్డ కరుగుతుందని తొంభై నాలుగు వంతులు నమ్మకంగా చెప్తోంది ఆ యంత్రం! ఇదెక్కడి గోల అనుకుంటూ పతకం మీద వేలు పెట్టి ఉంచాడు. రెండో రోగి రావాలి, కాపీ మొదలవ్వాలి, అప్పటిదాకా కదలకూడదు.

రెండో రోగి వచ్చాడు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ తోసుకొచ్చారు. బక్కపల్చటి మనిషి, నెరిసిన గడ్డం, కుడివైపు పూర్తిగా వాలిపోయి ఉంది.

"వెంట ఎవరొచ్చారు?" అడిగింది నర్సు.

"ఎవరూ లేరమ్మా. రోడ్డు మీద పడున్నాడు. చాలాసేపు ఎవరూ చూసుకోలేదట."

స్కాన్ తీశారు. ఎలోయ్ పక్క మంచం మీదికి చేర్చారు. తెర మీద నంబరు వెలిగింది. ఎనిమిది.

"పనిచెయ్యదు," అన్నాడు వివాంకో, చేతులు రుద్దుకుంటూ. "చూశారా మేడమ్? మీరు కొనేది ఇదే. ఇలాంటివాడి మీద ఇక సీసా వృథా కాదు."

"ఆపరేషన్‌కి పంపరా?"

"ఇవాళ మీకు చూపించడం కోసం వదిలేద్దాం. ఫలితం తేలాలిగా." ఆ మాట వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, ఒక పెన్ డ్రైవ్ కంప్యూటర్‌కి తగిలించాడు. కాపీ మొదలైంది. తెర అడుగున పచ్చటి గీత పాకసాగింది.

ఇదే సమయం. రెండుసార్లు నొక్కితే మిషన్ సక్సెస్. ఎలోయ్ వేలు బిగించాడు.

అప్పుడు పక్క మంచం రేకు మీద చప్పుడైంది. టక్ టక్.

ఎలోయ్ తల తిప్పాడు. ఆ మొహం ఎప్పుడూ చూసింది కాదు. బుగ్గ మీద పాత గాటు, వంగిన ముక్కు. ఎడమచేతి గోళ్ళ నిండా నల్లటి పాలిష్ రంగు. ఆ చెయ్యి స్పృహలో ఉందో లేదో తెలియకుండా మళ్ళీ రేకు మీద కొట్టింది. టక్ టక్. రెండో కాలు పెట్టండి సారూ.

ఎలోయ్‌కి నిన్న మింగేసిన మాట గుర్తొచ్చింది. నిన్న 'పద' అని ఉంటే ఈ మనిషి రోడ్డు మీద పడుండేవాడు కాడు. దుర్మార్గుణ్ణి నేను, అనుకున్నాడు, వీడికి ఎవరూ లేరని నాకు కాక ఇంకెవరికి తెలుసు?

తెర మీద రెండు చిత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. తన పుర్రె, వాడి పుర్రె. తనదాని అడుగున మూలకి ఒక తెల్లటి చుక్క మెరుస్తోంది. వాడిదాంట్లో లేదు. గడ్డ ఉన్నవాడికి ఎనిమిది, లేనివాడికి తొంభై నాలుగు. తేడా ఆ చుక్కే, అంటే పతకమే.

అర్థమయ్యేసరికి ఎలోయ్‌కి ఒళ్ళు మండిపోయింది. మనిషి తోడున్నవాణ్ణి పడిపోగానే ఎత్తుకొస్తారు. తొందరగా వస్తే మందు పనిచేస్తుంది. తోడున్నవాడి తల కింద పతకం ఉంటుంది. ఈ ఊరి స్కాన్లన్నీ అలాంటివే. కాంటూటా గడ్డల్ని చదవడం నేర్చుకోలేదు. ఎవరికి ఎవరున్నారో చదవడం నేర్చుకుంది!

పచ్చ గీత ముప్పాతిక దాటింది. నొక్కితే మిషన్లన్నీ మూగబోతాయి, ఈ మనిషికి మళ్ళీ స్కాన్ లేదు, మందూ లేదు. లేస్తే కవర్ పోతుంది, వివాంకో తప్పించుకోవచ్చు. ఎలోయ్ తన సర్వీసులో ఇంత తక్కువ ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఇంకొకటి లేదు. దుప్పటి తన్నేసి లేచాడు. పతకం తీసి పక్క మంచం మనిషి తల కింద పెట్టాడు.

"ఇతన్ని మళ్ళీ స్కాన్ చెయ్యండి!"

వంకరమూతితో ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. నర్సు చేతిలో సిరంజి జారబోయింది. టెక్నీషియన్ గోడకి అంటుకుపోయాడు.

"ఎవడ్రా నువ్వు? పక్షవాతం వచ్చినవాడివి లేచి నిలబడ్డావేంటి?" వివాంకో అరిచాడు. "సెక్యూరిటీ!"

"నాకు గడ్డ లేదు డాక్టర్. నాకు తొంభై నాలుగు ఎలా వచ్చింది? ఈ పతకం పెట్టి ఇతనికి ఎంతొస్తుందో చూడండి. మీ యంత్రం చదివేది దీన్నే."

"పిచ్చివాగుడు! మేడమ్, కాపీ అయిపోవస్తోంది, మీరు పట్టించుకోకండి."

సొరైదా తెర మీది రెండు చిత్రాల్నీ చూసింది. తర్వాత ఎలోయ్‌ని చూసింది. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ ఎలోయ్ చెప్పలేడు.

"కొనేది నేను," అంది మెల్లగా. "స్కాన్ మళ్ళీ తీయండి."

కుర్రాడు పరుగున వెళ్ళాడు. బల్ల గుండ్రంలోకి వెళ్ళింది, వచ్చింది. అదే తల, అదే గడ్డ. మూలన తెల్లటి చుక్క ఒక్కటే కొత్తది. తెర మీద నంబరు మారింది. తొంభై ఒకటి.

పచ్చ గీత చివరి అంచున వణుకుతోంది. సొరైదా ఎర్రటి గ్లవుజు చెయ్యి చాచి, గీత నిండే ఆ ఆఖరి క్షణంలో పెన్ డ్రైవ్‌ని ఊడలాగేసింది.

"పాడు సరుకు, డాక్టర్. మా వాళ్ళు మోసాన్ని క్షమిస్తారేమో, పాడు సరుకుని మాత్రం క్షమించరు."

"నేను... సరిచేస్తాను... కొంచెం టైమిస్తే..."

"ముందు ఈ మనిషి సంగతి సరిచెయ్యి నాయనా." తలుపు దగ్గర దోన్యా రెమెడియోస్ నిలబడి ఉంది. పావడా కుచ్చిళ్ళలోంచి తీసిన చిన్న పిస్తోలు ఆవిడ చేతిలో ఉంది. కళ్ళు ఉల్లిపాయ రసానికి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "నర్సమ్మా, ఆ సీసా మా తమ్ముడికి కాదు, ఆ పక్కాయనకి. తొందరగా కానివ్వు తల్లీ."

మందు ఎక్కింది. దోన్యా మనుషులు వివాంకోని పట్టుకుపోయారు. ఎలోయ్ మంచం పక్కనే నిలబడ్డాడు. పాలిష్ అంటిన చేతిని పట్టుకుందామనుకుని, ఎలా పట్టుకోవాలో తెలియక, వేళ్ళ చివర్లు పట్టుకున్నాడు.

నర్సు కాగితం తీసింది. "మీరేమవుతారు ఈయనకి?"

"తమ్ముడు. నాకు తమ్ముడవుతాడు."

"పేరు?"

ఎలోయ్‌కి డజనుకి పైగా దొంగ పేర్లున్నాయి. వీడి నిజం పేరు ఒక్కటీ తెలియదు. చివరికి తన పేర్లలో మంచిది ఒకటి తీసి వాడికిచ్చేశాడు.

వరండాలో సొరైదా లిఫ్టు కోసం ఆగి ఉంది.

"మీరు మావైపా, వాళ్ళవైపా?" అడిగాడు ఎలోయ్.

"ఇవాళ ఎవరివైపూ కాదు." ఆవిడ గ్లవుజులు సర్దుకుంది. "ఆ మంచం మీద నేనుంటే ఎనిమిది కూడా వచ్చేది కాదు. అది చూశాక చెయ్యి ఆగలేదు. అంతే."

రెండో స్కాన్ అయ్యాక జేబులో వేసుకున్న పతకాన్ని ఎలోయ్ తీసి ఇచ్చాడు. "పెట్టేవాళ్ళు దొరికేదాకా మీ దగ్గరుంచుకోండి."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. పతకాన్ని పర్సులో వేసుకుని లిఫ్టులోకి వెళ్ళిపోయింది.

"పతకమేదీ?" అంది దోన్యా రెమెడియోస్ వెనకనుంచి.

"ఆవిడకిచ్చేశాను."

"శభాష్. దాని రెండో పని అదే. ఇక ఆవిడ ఎక్కడుంటే అక్కడ మన మ్యాపులో చుక్క వెలుగుతుంది."

ఎలోయ్ లిఫ్టు వైపు తిరిగాడు. "నేను నిజంగానే ఇచ్చాను దోన్యా."

"తెలుసయ్యా. అందుకే పుచ్చుకుంది." ఆవిడ గొంతు తగ్గింది. "పద, ఇంటికెళ్ళి మూతి సరిగ్గా వచ్చేదాకా పడుకో."

కొన్నాళ్ళకి, చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళకి, ఎలోయ్ సాల్తేన్యాల పొట్లంతో వార్డుకి వెళ్ళాడు. ఇన్ని మంచాల మధ్య ఒక మంచం దగ్గరికి నేరుగా నడవడం కొత్తగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. ఆ మనిషి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో కాస్త కాస్త కదులుతోంది. మాట నెమ్మదిగా వస్తోంది గానీ వస్తోంది.

"ఎవరు మీరు? నర్సమ్మ మా అన్నయ్య అంటోంది. నాకన్నయ్యల్లేరు. పైగా నన్ను ఏదో పేరుతో పిలుస్తున్నారు, అది నాది కాదు."

"నేను తమ్ముడూ. చర్చి దగ్గర... రోజూ..." ఎలోయ్‌కి మాటలు తడబడ్డాయి. "ఇన్నేళ్ళుగా నీ మొహం చూడనే లేదు. ఇక్కడికొచ్చాకే చూశాను."

ఆ మనిషి అతని మొహంలోకి తేరిపార చూశాడు. ఎక్కడా గుర్తు తగల్లేదు. అప్పుడు మంచం మీంచి కొంచెం వంగి నేల వైపు చూశాడు. ఎలోయ్ కాళ్ళకి ఆసుపత్రి గుమ్మంలో ఇచ్చిన రబ్బరు చెప్పులున్నాయి.

"మీ మొహం మాత్రం నేనెప్పుడు చూశాను సారూ?" అన్నాడు, సాల్తేన్యా కోసం ఎడమచెయ్యి చాస్తూ. "రేపు బూట్లేసుకుని రండి. మీరెవరో అప్పుడు చెప్తాను."